పెళ్లి కోటు తొడుక్కుని సీటు కోసం

మా ఊరి పెళ్లి కోటు తొడుక్కుని, పెళ్లి చేసుకోకుండా ఇంటికి తిరిగొచ్చిన మగవాళ్లు ఈ భూమండలం మీద ఇద్దరే ఇద్దరు. ఒకణ్ణి నేను. రెండోవాడు మా నాయన. ఆయన అంతకు చాలా ఏళ్ల ముందే అదే కోటులో మా అమ్మను పెళ్లాడి ఉన్నాడు కాబట్టి ఆయన్ని ఈ లెక్కలో చేర్చకూడదని మా అవ్వ బతికున్నంత కాలం వాదించింది. ఈ ఘనత వల్లనే కాబోలు, పోయిన నెల మా ఊళ్లో అయ్యగారి పాత ఇల్లు పడగొడుతూ అటక మీది రేకు పెట్టె దించినప్పుడు, అందులోంచి కోటు బయటపడగానే నాకు కబురు పంపారు. మా వైపు క్రైస్తవులం పాస్టరు గారిని అయ్యగారు అంటాం. నేను నెల్లూరులో బస్సెక్కి వెళ్లాను. పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన ఒకటి పైకి లేచి, చర్చి గంట దాకా వెళ్లి, దాన్ని తాకి తిరిగొచ్చి నా ముక్కులో కూర్చుంది. ఆ వాసనలో నాకు పద్దెనిమిదేళ్లు.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే, వరి మళ్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మా ఊరు. పడమటి గాలికి మొలకొలుకుల వడ్ల వాసన, తూర్పు గాలికి ఎండు చేపల వాసన. రెండు గాలులూ కలిసిన రోజున అన్నం, కూర వేరే వండుకోనక్కర్లేదని మా అవ్వ అనేది. ఆ ఊళ్లో చర్చి కట్టించిన దొర స్వదేశానికి పోతూ తన నల్లకోటు సంఘానికి ఇచ్చిపోయాడు. నేను ఆయన్ని చూడలేదు గానీ, ఆయన ఒంటెద్దు బండి ఎక్కితే ముందున్న ఎద్దు గాల్లోకి లేచేదని విన్నాను. అంత మనిషి కోటు. మా ఊళ్లో మగవాళ్లా, ఇద్దరిని కలిపి కుట్టినా దొరలో సగం కారు. అయినా ఆ కోటు లేకుండా మా చర్చిలో ఒక్క పెళ్లి జరిగేది కాదు. కూలివాడు గానీ, పడవవాడు గానీ, పెళ్లి పొద్దున ఆ కోటు తొడుక్కుంటే దొరే.

ఇందులో కిటుకంతా మస్తాన్ సాయిబుది. తోటపల్లి గూడూరు బజారులో ఆయన కుట్టుమిషను. కోటుకు కత్తెర తగలకూడదని సంఘం తీర్మానం. అందుకని సాయిబు పెళ్లికొడుకుని ఎదురుగా నిలబెట్టి, కోటు పక్కలు లోపలికి మడిచి, ఆ ఒంటికి సరిపోయేట్టు పొడుగాటి టాకాలు వేసేవాడు. పెళ్లయిన మర్నాడు ఆ టాకాలు విప్పేసేవాడు. కోటు మళ్లీ దొరంత అయ్యేది. అలా ఎంతమంది పెళ్లికొడుకులు ఆ కోటులోకి దూరి బయటికొచ్చారో గానీ, లోపలి గుడ్డ మీద సూది బెజ్జాలు మాత్రం ఆకాశంలో చుక్కలంత ఉండేవి.

అటువంటి పవిత్రమైన వస్త్రం నా ఒంటి మీదికి రావడానికి కారణం నా మార్కులు. నాయన ఊళ్లో మిషను బడి పంతులు. అమ్మ నేను పలక పట్టకముందే పోయింది. ఉన్నదంతా నా మీద పెట్టి నాయన నన్ను మద్రాసులో సైన్సు చదవడానికి పంపాడు. నేను అక్కడ చదవని వస్తువు లేదు. సినిమా పోస్టర్లు చదివాను, ట్రాము బోర్డులు చదివాను, మెరీనా బీచిలో శనగలు చుట్టిచ్చిన కాగితాలు అరవంలో ఉన్నా వదలకుండా చదివాను. పాఠ్య పుస్తకాలకు మాత్రం తీరిక చిక్కలేదు. ఇంగ్లీషూ తెలుగూ గట్టెక్కాయి. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు మూడూ ఒకదానితో ఒకటి పోటీపడి మునిగాయి. కాలేజీవాళ్లు ఎంతో మర్యాదగా టీసీ చేతికిచ్చి, రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో కూడా చెప్పారు.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఫలితాలు తెలిసిన మర్నాడు బడికి వెళ్లి, బల్ల మీది బెత్తం తీసి వాసాల్లో దోపాడు. అంతే. ఇక దాన్ని ముట్టుకోలేదు. కన్నకొడుకుని దారిలో పెట్టలేనివాడు ఊరి పిల్లల్ని ఏ మొహంతో కొడతాడని ఆయన ఉద్దేశం కాబోలు. బడి పిల్లలకు అది స్వర్ణయుగం. వాళ్లు దారిలో కనపడితే నాకు నమస్కారాలు పెట్టేవాళ్లు.

నాయన మౌనానికి సరిపడా మాట్లాడడానికి అవ్వ ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక జరిగేది. చాపలు పరిచి, అలికిన నేల తడివాసనలో అందరూ కూర్చున్నాక, ఎవరికి ఏ కష్టం ఉందో లేచి చెప్పాలి, అందరూ దాని కోసం ప్రార్థించాలి. దాపరికం పనికిరాదు. దేవుడికి తెలియనిదేముంది, పక్కింటివాళ్లకి తెలిస్తే తప్పేముంది? ఒకావిడ గేదె ఈనలేదని చెప్పింది. ఒకాయన మోకాలి నొప్పి చెప్పాడు. తర్వాత మా అవ్వ లేచింది.

"నా మనవడు దానియేలు తప్పినాడు," అంది. "లెక్కల్లో పదకొండు. ఫిజిక్సులో పంతొమ్మిది. కెమిస్ట్రీలో ఎంతరా అబ్బయా? గట్టిగా చెప్పు, వెనకాలోళ్లకి ఇనపడాల."

"పద్నాలుగవ్వా," అన్నాను చాప కిందికి దూరడానికి సందు వెతుక్కుంటూ.

అందరూ కళ్లు మూసుకున్నారు. ఇక చూడండి. మా ఊళ్లో ప్రార్థన అంటే అందరూ ఒకేసారి, ఎవరి గొంతు వాళ్లు ఎత్తి చేసేది. నా మార్కులు సముద్రపు హోరుని మించిపోయాయి. సంఘపెద్ద యాకోబు తాత గొంతు అన్నిటికీ పైన: "ఎర్ర సముద్రాన్ని పాయలు చేసినోడివి, పదకొండుని ముప్పై అయిదు చెయ్యలేవా తండ్రీ!" ఎదురింటి అక్క నాకు బదులు తనే ఏడ్చింది. గేదె కోసం ప్రార్థించమన్నావిడ గేదెను మరిచిపోయి నా కెమిస్ట్రీ పట్టుకుంది. ఆ సాయంత్రం నేను పడ్డ సిగ్గుతో ఊరంతటికీ దీపాలు వెలిగించవచ్చు.

ఆ రోజుల్లోనే కొండ కింద కొత్త యూనివర్సిటీ ఒకటి లేచింది. పాతచోట తప్పినవాళ్లని కూడా పిలిచి, మాట్లాడి, నచ్చితే చేర్చుకుంటారని నాయన ఎక్కడో విని అర్జీ పెట్టాడు. ఇంటర్వ్యూకి రమ్మని జవాబొచ్చింది. మా మామ ఉప్పునీళ్లు ఎండగట్టే కయ్యల దగ్గర మేస్త్రీ. సీటు రాకపోతే వచ్చే వారం నుంచే నన్ను అక్కడ పెట్టుకుంటానని, గొడుగు కూడా కొని సిద్ధంగా ఉంచాడు. ఉప్పు పనిలో తప్పేమీ లేదు. కానీ ఒకసారి ఆ ఎండలోకి వెళ్లి పుస్తకంలోకి తిరిగొచ్చినవాణ్ణి మా తీరంలో నేను చూడలేదు. నాయన కూడా చూడలేదు. అందుకే ఆయన ఆ గొడుగు వైపు చూసేవాడు కాదు.

ఇంటర్వ్యూకి కోటు ఉండాలని ఎవరన్నారో తెలియదు, అవ్వ మాత్రం పట్టుకుంది. ఆదివారం ఆరాధన కాగానే అయ్యగారి ముందు నిలబడింది.

"పెళ్లికి తప్ప ఇచ్చేదానికి లేదమ్మా," అన్నాడు యాకోబు తాత. "పైగా గురువారం పొద్దున మా గాబ్రియేలు పెళ్లి."

"పెళ్లికొడుకుని చూసేది ఒక్క పెళ్లికూతురు. ఆ పిల్ల యెట్టాగూ తల దించుకునే ఉంటది," అంది అవ్వ. "నా మనవణ్ణి చూసేది యూనివర్సిటీ మొత్తం. ఎవురికి కావాల కోటు? నువ్వే చెప్పు."

గాబ్రియేలు అక్కడే ఉన్నాడు. నా ఈడువాడు. నాయన దగ్గరే మూడో క్లాసు దాకా చదివి మానేసి పడవల్లోకి పోయాడు. "తీసుకుపోనీ తాతా," అన్నాడు. "రేయ్ దానేలూ, ఇంటర్వ్యూ మంగళవారం గదా? గురువారం పొద్దుటికి తెచ్చీ. లేకుంటే నేను బనీనుతో ప్రమాణం చెయ్యాల్సొస్తది."

సోమవారం మస్తాన్ సాయిబు నన్ను నిలబెట్టి టాకాలు వేశాడు. మద్రాసు హోటలు సాంబారు నన్ను ఎముకల గూడుగా మార్చింది కాబట్టి, నా మీద మిగిలిన కోటుతో ఇంకో కోటు కుట్టవచ్చు. అదంతా లోపలికి మడిచేసరికి నా పక్కటెముకల మీద రెండు దిండ్లు కట్టినట్టయింది.

"ఊపిరి గట్టిగా పీల్చబాక అబ్బయా," అన్నాడు. "దగ్గబాక. సీటిచ్చినా సంతోషంతో ఎగరబాక. టాకా తెగితే నా పూచీ లేదు."

కోటు ఉంది కదా అని లోపలి చొక్కా సంగతి ఎవరూ పట్టించుకోలేదు. దానికి ముందు భాగం దివ్యంగా ఉండేది. వెనక భాగం ఎప్పుడో కాలం చేసింది.

రైలు ఎక్కగానే జనం లేచి నాకు కిటికీ పక్కన చోటిచ్చారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి కొండకు పోతున్న ఒకావిడ నా నోట్లో అరిసె పెట్టి, "పెళ్లికూతురిది ఏ ఊరు నాయనా?" అంది. నాయన అబద్ధం ఆడడు, నిజం చెబితే మార్కులు బయటపడతాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంకా ఖాయం కాలేదమ్మా," అన్నాడు. ఆవిడ కొండ కింద రైలు దిగేదాకా మా మీద జాలిపడుతూనే ఉంది.

యూనివర్సిటీ భవనాలకు ఇంకా సున్నం ఆరలేదు. మంగళవారమంతా వరండాలో నిలబడ్డాం. సాయంత్రం ప్యూను వచ్చి, మంచి మార్కులవాళ్లు అయిపోయారనీ, మిగిలినవాళ్లను రేపు చూస్తారనీ చెప్పాడు. మిగిలినవాళ్లం మిగిలిపోయాం. బుధవారం కూడా అదే తంతు. నేను ఊపిరి దాచుకుంటూ, నాయన నా కోటు మీద సున్నం పడకుండా కండువాతో విసురుతూ. పొద్దు వాలే వేళకు ప్యూను మళ్లీ వచ్చాడు. "తప్పినవాళ్లు రేపు పొద్దున."

రేపంటే గురువారం. గాబ్రియేలు పెళ్లి.

నాయన కొంచెం సేపు మెట్ల మీద కూర్చున్నాడు. కోటు ఉంచుకుంటే అక్కడ పెళ్లి ఆగుతుంది. ఇద్దరం పోతే ఇక్కడ సీటు పోతుంది. నేను, "ఇద్దరం పోదాం నాయనా, ఉప్పు పనే చేసుకుంటా," అన్నాను. ఆ మాట కొంత త్యాగంతోనూ, ఎక్కువ భాగం భయంతోనూ అన్నది.

"కోటు విప్పు," అన్నాడు.

విప్పాను. వెనక చొక్కా లేని సంగతి అప్పుడు ఆయన కంటపడింది. తన తెల్ల జుబ్బా తీసి నాకిచ్చి, నా చొక్కా తను తొడుక్కుని, దాని మీద కోటు వేసుకున్నాడు. బడిపంతులు, నెరిసిన తల, పంచె మీద పెళ్లి కోటు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు.

"ఆ కోటు సంచిలో పెట్టుకుని పోరాదా నాయనా?"

"మడిస్తే నలుగుతది. పెళ్లికొడుకు తొడుక్కునేది," అన్నాడు. "నువ్వు అడిగినదానికి జవాబు చెప్పు. రానిది రాదని చెప్పు." అంతే. నా సంగతి ఏమవుతుందో తెలియకుండానే రైలుకి వెళ్లిపోయాడు.

ఆయన జుబ్బా నాకు చక్కగా సరిపోయింది. దేవుడి దయ అనుకున్నాను.

మర్నాడు పొద్దున లోపలికి పిలిచారు. బల్ల వెనక ఒక ప్రొఫెసరు గారు. ఆయన కళ్లద్దాల మందం చూస్తే వాటి వెనక ఇంకో మనిషి కాపురం ఉన్నాడేమో అనిపించేది. నా మార్కుల కాగితం చూశారు, తిరగేసి చూశారు, మళ్లీ నన్ను చూశారు.

"ఇవి నీవేనా?"

"నావే సార్."

"ఎవరైనా సాయం చేశారా? నీ అంతట నువ్వే తెచ్చుకున్నావా?"

చెమట పట్టింది. జేబులో చేయి పెట్టి, తగిలిన దాన్ని నలిపి, అదే చేత్తో మొహం తుడుచుకున్నాను.

"మొహాన ఆ తెల్లదేమిటి? పౌడరా?"

అప్పుడు చూసుకున్నాను. "సుద్ద సార్. మా నాయన బడిపంతులు. ఇది ఆయన జుబ్బా."

"ఆయన జుబ్బా నువ్వు వేసుకుంటే, ఆయనేం వేసుకున్నాడు?"

"పెళ్లి కోటు సార్."

ఆయన కలం కింద పెట్టారు. రానిది రాదని చెప్పమన్నాడు కదా నాయన. వచ్చిందల్లా ఈ కథే, దాన్నే చెప్పాను. దొర, ఎద్దు, టాకాలు, ఉప్పు కయ్యలు, గొడుగు, ఎర్ర సముద్రం, ఏదీ వదల్లేదు. ఆయన నవ్విన నవ్వుకు పక్క గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"అంటే మీ నాన్న నీ ఇంటర్వ్యూ కాకుండానే వెళ్లిపోయాడా?"

"వాళ్లకి ఇంకో కోటు లేదు సార్."

"ఆ పెళ్లికొడుకు మీకేమవుతాడు?"

"ఏమీ కాడు సార్. మా నాయన దగ్గర మూడో క్లాసు దాకా చదివాడు."

ఆయన నా మార్కుల కాగితం మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. "సైన్సులో నిన్ను చేర్చుకుంటే సైన్సుకూ నీకూ ఇద్దరికీ దెబ్బే," అన్నారు చివరికి. "బి.ఏ.లో చేరు. అబద్ధానికి దగ్గరగా నిజం చెప్పే విద్య నీకెలాగూ ఉంది. మొదటి పరీక్ష తప్పావో, ఆ గొడుగు కింద నేనే దగ్గరుండి నిలబెట్టి వస్తాను. పో, ఆ జుబ్బా ఆయనకిచ్చి రా."

నేను ఊరు చేరేసరికి పెళ్లి విందు కూడా అయిపోయింది. జరిగిందంతా అవ్వ చెప్పింది. ఆ పొద్దున నాయన బస్సు దిగి నేరుగా చర్చికి నడిచొచ్చాడట. గాబ్రియేలు బనీనుతో, సాయిబు సూదిలో దారంతో గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నాయన కోటు విప్పి ఇచ్చి, లోపలికి వెళ్లి చివరి బెంచీలో, పెళ్లి అయిపోయేదాకా వీపు గోడకు ఆనించి కూర్చున్నాడు. పాటకు అందరూ లేచినా ఆయన లేవలేదు. ఆయన లోపలికి నడిచేటప్పుడే, ఆయన కింద చదివిన పిల్లలంతా వీపు మీది ఆ చిరుగు చూశారు. నవ్వడానికి అంత చక్కటి అవకాశం మా ఊరు వదులుకోవడం చరిత్రలో అదొక్కసారే. పైగా అయ్యగారు వధూవరుల్ని దీవిస్తూ దీవిస్తూ, "ఇదే గడియలో, బైబిల్లోని దానియేలు మాదిరి, సింహాల బోనులో నిలబడి ఉన్న మా దానియేలుని..." అని అటు మళ్లారట. చర్చి మొత్తం నన్ను పట్టుకుంది. పెళ్లికూతురు కూడా.

నాయనకు సీటు సంగతి చెప్పాను. విన్నాడు. "జుబ్బా ఉతికినావా?" అన్నాడు. సోమవారం పొద్దున బెత్తం వాసాల్లోంచి కిందికి దిగింది. స్వర్ణయుగం ముగిసింది. ఆ తర్వాత చాలా కాలం బడి పిల్లలు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాళ్లు.

ఇప్పుడు ఊళ్లో పెళ్లికొడుకులు ఎవరి సూటు వాళ్లు నెల్లూరులో కుట్టించుకుంటున్నారు. ఒక్క పూట తొడిగి బీరువాలో తగిలిస్తారు. మంచిదే. పోయినేడు మా అబ్బాయి ఇంటర్‌లో ఒక పేపరు తప్పాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కిటికీలు మూతపడ్డాయి. పక్కింటావిడ అడిగితే వాడికి గవదబిళ్లలని చెప్పింది మా ఆవిడ. వాడు గదిలో ఒక్కడే కూర్చుని తన మార్కుల్ని తనే మోశాడు. నాకు ఆ చాపలు, ఆ గోల గుర్తొచ్చాయి. ఆ శుక్రవారాలు నాకు నరకం. వాటిని ఇప్పుడు స్వర్గమని చెబితే ఆనాటి నేను నన్ను క్షమించడు. కానీ నా పదకొండుని ఊరంతా తలా కొంచెం పంచుకుంటే నాకు మిగిలింది తక్కువేనేమో. వాడికి అంతా మిగిలింది.

అయ్యగారి ఇంటి ముందు ఆ కోటు చేతిలో పట్టుకుని ఇవన్నీ ఆలోచిస్తుంటే గాబ్రియేలు వచ్చాడు. మనవలున్న పెద్దమనిషి.

"తొడుక్కోరా దానేలూ, చూద్దాం."

తొడుక్కున్నాను. చేతులు దూరాయి, పొట్ట దూరింది, బొత్తాలు అన్నీ పట్టాయి. ఎక్కడా వదులు లేదు. ఇన్నేళ్ల కూర్చున్న చోటి ఉద్యోగం నన్ను నిఖార్సయిన దొరను చేసింది.

"నీకు టాకాలు అక్కర్లేదురోయ్!" అని చప్పట్లు కొట్టాడు గాబ్రియేలు. తర్వాత నా పక్కన లోపలి గుడ్డ తడిమి చూస్తూ అన్నాడు. "ఆ పొద్దున నాకు ఇది పట్టలేదు తెలుసా? మీ నాయన విప్పిచ్చినాడు, నేను చెయ్యి పెడితే భుజం కాడే ఆగింది. సాయిబు నీకేసిన టాకాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాయి. ఒక్కటి తెగలేదు. అన్నీ ఊడదీసి నాకు మళ్లీ వేసినాడు."

నేను ఆ గుడ్డ మీది బెజ్జాలు తడిమాను. ఊపిరి పీల్చవద్దని, దగ్గవద్దని సాయిబు నన్ను బతిమాలి వేసిన టాకాలవి. ఎముకల గూడు కొలతకు వేసినవి. వాటిలోనే నాయన కొండ కింది నుంచి సముద్రం దాకా వచ్చాడు. నా చొక్కా ఆయనకు పట్టింది. ఆయన జుబ్బా నాకు పట్టింది. నేను దేవుడి దయ అనుకున్నాను. మద్రాసులో నేను తిండి డబ్బులతో సినిమాలు చూసి చిక్కాను. ఉన్నదంతా నాకు పంపి ఇంట్లో కూర్చున్న మనిషి దేనివల్ల చిక్కాడో నాకు అప్పుడు తట్టలేదు. ప్రతిదాన్నీ పదింతలు చేసి చెప్పే నేను ఆయన్ని కూడా అంతే చేసి చూశానేమో. నా కళ్లకు ఆయన ఎప్పుడూ దొర కన్నా పెద్ద మనిషే.

"ఇప్పరా ఇంక," అన్నాడు గాబ్రియేలు. "ఎండకి చెమట పడతది."

"ఉండు," అన్నాను. "కొంచెం సేపు ఉండనీ."